అత్తయ్య పేరు మీద

నవంబర్ 19, బుధవారం

ఈ రోజు సీరియల్ మధ్యలో అమెరికా ప్రభుత్వం వచ్చింది.

కోడలు అత్తగారి పాలల్లో ఏదో కలుపుతోంది. విషమో, నిద్రమాత్రో తేలేలోపు తెర నల్లబడింది. తర్వాత నీలం రంగు, దాని మీద గద్ద బొమ్మ ఉన్న ముద్ర, కింద నాలుగు ఇంగ్లీషు వాక్యాలు. కాపీరైట్ చట్టాన్ని ఉల్లంఘించినందుకు కోర్టు ఉత్తర్వు ప్రకారం ఈ సర్వీసును స్వాధీనం చేసుకున్నారట. తెనాలి ఆడపిల్లల కాలేజీలో జీవితమంతా ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని రెండుసార్లు చదివాను. దొరకలేదు.

హంసిక స్కూలు నుంచి వచ్చి చూసి, "అమ్మమ్మా, యూ గాట్ రెయిడెడ్!" అని పకపకా నవ్వింది. పదహారేళ్ళ పిల్లకు ప్రభుత్వమంటే నవ్వొస్తుంది. మంచిదే.

దాని తండ్రి తేజేశ్వర్ మాత్రం ఆఫీసు నుంచి వచ్చి తెర చూసి నవ్వలేదు. వైరు పీకి, ఛానెళ్ళు వచ్చే బాక్సును గరాజ్‌లోకి తీసుకెళ్ళి పాత కార్పెట్ కింద పెట్టాడు. పనిచేయని వస్తువును అంత భద్రంగా దాచడం ఇదే చూడటం.

నవంబర్ 20

బాక్సు అమ్మినవాణ్ణి డల్లాస్ దగ్గర పట్టుకున్నారట. మనవాడేనట. అన్ని తెలుగు ఛానెళ్ళు, విడుదలైన రోజునే కొత్త సినిమాలు, అన్నీ దొంగసరుకు. ఈ సంగతి మేముండే కమ్మింగ్‌లో ఎవరికీ తెలియదట. వాట్సాప్‌లో మన కాలనీల తెలుగు గ్రూపు పొద్దుటి నుంచీ అదే ఆశ్చర్యంలో ఉంది.

"స్కూళ్ళలోకి వచ్చే తుపాకులు పట్టుకోలేరు గానీ, మన ఇళ్ళలో బాక్సులు పట్టుకుంటారు."

"హీరోకి వంద కోట్లు ఇచ్చి, ఆ డబ్బు ప్రీమియర్ టికెట్ల మీద మన దగ్గర పిండుతారు. అసలు దొంగ ఎవరండీ?"

"రేపు మీరు రాసిన కోడ్ ఎవడైనా కొట్టేస్తే ఊరుకుంటారా?" అని ఒకాయన అడిగాడు. తర్వాత ఎవరో పువ్వుల మీద శుభోదయం పెట్టారు.

"అతన్ని దొంగ అనకండి. ఈ దేశంలో మా పెద్దవాళ్ళకి కాలక్షేపం ఇచ్చిన దేవుడు." దీనికి గుండె గుర్తులే గుర్తులు. ఆ పెద్దవాళ్ళలో నేనూ ఉన్నాను కాబోలు. నన్నెవరూ అడగలేదు.

మన ఇళ్ళ బాక్సులన్నీ ఎవరి పేరు మీద ఉన్నాయో మాత్రం ఎవరూ రాయలేదు. మర్యాదస్తులు.

నవంబర్ 22, శనివారం

శనివారం కనుక చక్రపాణి దోసెలకు వచ్చాడు. ఇతను మొన్నటిదాకా ఇక్కడి థియేటర్‌లో రెండు హాళ్ళు మాట్లాడుకుని తెలుగు సినిమాలు ఆడించేవాడు. ఇప్పుడు ఇళ్ళు అమ్మిపెడుతున్నాడు. మధ్యలో ఏమైందో అందరికీ తెలుసు. ఆఖరి సినిమా హాల్లో పడిన సాయంత్రమే బాక్సులోనూ పడింది.

"పట్టుకున్నారుగా!" అన్నాడు దోసె తుంచుతూ. "ఇప్పుడు ఒక్కొక్కడి పేరూ బయటికొస్తుంది."

"కరెక్ట్ అన్నా. ఇలాంటివాళ్ళని వదలకూడదు," అన్నాడు మా అల్లుడు. "చట్నీ వేసుకో."

"మీ ఇంట్లో లేదుగా తమ్ముడూ?"

"ఛ! మా అత్తయ్య యూట్యూబ్‌లో ప్రవచనాలు చూస్తారు. అంతే."

నేను ఈ జన్మలో ప్రవచనం చూడలేదు. చక్రపాణి నా వైపు భక్తిగా చూశాడు. ఇంకో దోసె వేశాను.

రెండేళ్ళ కిందట మా అల్లుడూ అతని స్నేహితులూ ఇదే బల్ల చుట్టూ కూర్చుని పేరు కోసం వెతికారు. బాక్సులవాడు, ఎవరో ఒక్కరి పేరు మీద తీసుకుంటే చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ కనెక్షన్లు ఇస్తానన్నాడు. ఒకాయనది హెచ్-వన్ వీసా, ఆయనకు భయం. ఇంకొకాయనకు గ్రీన్ కార్డు దారిలో ఉంది, ఆయనకు ఇంకా భయం. తేజేశ్వర్‌కి పౌరసత్వం వచ్చేసింది గానీ ఆఫీసులో బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుందట. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, చివరికి వడలు వేయిస్తున్న నన్ను చూశారు. "అత్తయ్యకి ఉద్యోగమే లేదు కదా. ఆవిడకేం భయం!"

చదవకుండా సంతకం పెట్టే మనిషిని కాను. చదివే పెట్టాను.

ఆ తర్వాత తలా ఒక వంట తెచ్చుకున్న పాట్‌లక్‌లో "ఇది మల్లేశ్వరి ఆంటీ నెట్‌వర్క్" అని ఎవరో అంటే అందరూ చప్పట్లు కొట్టారు. రిటైరయ్యాక నా పేరు చెప్పి ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. ఆ రోజు గద్వాల చీర కట్టుకున్నాను కూడా.

నవంబర్ 25

ఈ సంతకం సంగతి మా ఉమకు తెలియదు. వాళ్ళంతా కూర్చుని నా పేరు రాసుకున్న రోజు అది ఆఫీసు పని మీద ఊరెళ్ళింది. తెలిస్తే కూతురు ఊరుకుంటుందా?

నవంబర్ 30, ఆదివారం

సంఘం వాళ్ళు ఇవాళ స్కూలు కెఫెటేరియా అద్దెకు తీసుకుని చర్చ పెట్టారు. "పైరసీ: మన సమాజం బాధ్యత" అని బ్యానరు. సంఘానికి కార్యదర్శి మా అల్లుడే కనుక తొలి ఉపన్యాసం అతనిదే. సినిమా అంటే వేలమంది చెమట అన్నాడు. ప్రభుత్వం ఆలస్యంగానైనా మేలుకుందన్నాడు. చెప్పడంలో తడబాటు లేదు. నా క్లాసులో ఉంటే వక్తృత్వపు పోటీకి పంపేదాన్ని.

సాయి తేజ అని ఎమ్మెస్ చదివే కుర్రాడు లేచాడు. "అంకుల్, అదే సినిమా ఇండియాలో నెల తిరక్కుండా యాప్‌లోకి వస్తది. ఇక్కడ ఆ యాప్ ఓపెన్ కాదు. డబ్బులు కడతానన్నా తీస్కోరు. మరి మేమేం చేయాలె?"

"చదువుకోవాలి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వు. ఒకావిడ లేచి, ప్రభుత్వం ముందు పెద్ద కంపెనీలను పట్టుకోవాలంది. మరొకాయన, మన పిల్లలు భాష మర్చిపోకుండా ఉన్నారంటే ఆ బాక్సు వల్లేనన్నాడు. ఆయన పిల్లలు పక్క బల్ల దగ్గర ఇంగ్లీషులో పోట్లాడుకుంటున్నారు.

అప్పుడు చక్రపాణి మైకు తీసుకున్నాడు. "నా ఆఖరి సినిమా పడిన రోజు హాల్లో ముగ్గురం. నేను, మా ఆవిడ, పాప్‌కార్న్ అమ్మే పిల్ల. ఆట మధ్యలో ఆపేసి ఇంటికి బయల్దేరాను. దారిపొడుగునా మీ కిటికీల్లోంచి ఆ సినిమా పాటే వినబడింది. తమ్ముడూ, మీ ఇంట్లోంచి కూడా." ఎవరి ఇల్లో పేరు చెప్పలేదు. మైకు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

నేను లేవబోయాను. ఏం చెప్పాలనుకున్నానో నాకే తెలియదు గానీ, లేవబోయాను. ఉమ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. దాని చెయ్యి చల్లగా ఉంది. ఆ హాల్లో హీటరు సరిగ్గా పనిచేయడం లేదు.

పైరసీని ఖండిస్తూ ఏకగ్రీవ తీర్మానం. తర్వాత బిర్యానీ. వరసలో నా ముందున్నాయన అల్లుడి చెవిలో, "కొత్తది ఎప్పుడొస్తుంది బ్రో?" అని అడిగాడు.

డిసెంబర్ 4

పొద్దున నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఫెడరల్ అధికారులు ఇద్దరు వచ్చారు. నాగమల్లేశ్వరి అనే పేరును రాళ్ళ దారిలో సైకిల్ తొక్కినట్టు పలికారు. ఈ చుట్టుపక్కల ఇళ్ళలో నడిచిన బాక్సులన్నీ నా పేరు మీదే ఉన్నాయట. డబ్బూ నా పేరున తెరిచిన ఖాతాలోంచే పోయిందట. ఆ ఖాతా సంగతి నాకు ఇవాళే తెలిసింది. లాయరుతో వచ్చి మాట్లాడతానన్నాను. థ్యాంక్యూ మేడమ్ అని కార్డు ఇచ్చి వెళ్ళారు. నన్ను మేడమ్ అని పిలిచి చాలాకాలమైంది.

సాయంత్రం తేజేశ్వర్‌కి చెప్పాను.

"మీరేం చెప్పారు?"

"ఏమీ చెప్పలేదు."

"ఏం చెప్పారు అత్తయ్యా, సరిగ్గా చెప్పండి!"

నాకేమవుతుందని అడుగుతాడేమోనని కాసేపు నిలబడ్డాను. కంగారులో ఉన్నాడు పాపం.

డిసెంబర్ 6, శనివారం

లాయరు పేరు అదితి. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. చూసినవాళ్ళని ఏమీ చేయరు, నడిపినవాళ్ళనే పట్టుకుంటారు అంది. ఎవరు నడిపారు అని అడిగింది. తేజేశ్వర్ కిటికీలోంచి పార్కింగ్ చూస్తున్నాడు.

"ఆంటీ, మీరు సిటిజన్ కదా?"

"కాదమ్మా. గ్రీన్ కార్డు. పౌరసత్వం ఇంటర్వ్యూ పద్దెనిమిదో తారీఖున."

ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. "ఇది నాకు ఎవరూ చెప్పలేదు." తర్వాత తేజేశ్వర్, ఉమల వైపు తిరిగింది. "నడిపింది ఆంటీయే అయితే చాలా ప్రాబ్లం. మీ ఇద్దరినీ ఈ దేశం నుంచి పంపలేరు. ఆంటీని పంపగలరు."

నేను వాళ్ళ మొహాలే చూస్తున్నాను. నిజంగానే వాళ్ళకు ఆ ఊహే రాలేదు. వీసా బాధలన్నీ ఉద్యోగాలున్నవాళ్ళకే అని ఈ ఊళ్ళో అందరి నమ్మకం. పెద్దవాళ్ళు సూట్‌కేసులతో పాటు దిగుతారు, వాటిలాగే గదిలో ఓ మూల ఉంటారు. సూట్‌కేసులకు ఎవరైనా పాస్‌పోర్టు అడుగుతారా?

తెనాలిలో ఫ్లాట్ అమ్మేసే వచ్చాను. వెనక్కి పంపితే, తట్టడానికి అక్కడ నాకో తలుపు లేదు.

"ఇంకొకటి," అంది అదితి. "వాళ్ళకి అబద్ధం చెప్తే అదే వేరే క్రైమ్. నా ముందు చెప్పనివ్వను."

ఇప్పుడు తెలిసింది కదా. ఇక వేరే దారి చూస్తారు.

డిసెంబర్ 7

చూశారు.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తేజేశ్వర్ ఎదురుగా కూర్చున్నాడు. "అత్తయ్యా, లాయర్లు అలాగే భయపెడతారు. నడిపింది మీరేనని చెప్పినా మీ వయసు చూసి వదిలేస్తారు. నా పేరు వస్తే ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, హంసిక కాలేజీ పోతుంది. మీకు పోయేదేముంది చెప్పండి?"

ఉమ మాకు వీపు పెట్టి సింక్ దగ్గర బియ్యం కడుగుతోంది.

"ఉమా," అన్నాను. "నీకు ఎప్పుడు తెలుసు?"

"మొదట్నించీ తెలుసమ్మా."

"ఆ రోజు నువ్వు ఊళ్ళో లేవు."

నీళ్ళు పోతూనే ఉన్నాయి. "ఫోన్లో నేనే చెప్పాను. అమ్మ పేరు పెట్టండి, ఎవరికీ ఇబ్బంది ఉండదని."

తర్వాత ఇటు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి. అవి లేవని రాస్తే అబద్ధమవుతుంది. "ఒక్కసారికమ్మా. ఏదైనా తేడా వస్తే ఇండియాలో మంచి హోమ్ చూస్తాను. నర్సులు, గార్డెను అన్నీ ఉంటాయి."

ఆ బియ్యాన్ని ఇంకెన్నిసార్లు కడిగిందో. అన్నం చప్పగా ఉంది.

డిసెంబర్ 9

ఆఫీసర్ల ముందు చెప్పాల్సినదానికి ప్రాక్టీసు.

"బాక్సులు ఎవరు తెప్పించారు?"

"నేనే."

"ఎందుకు?"

"కాలక్షేపానికి."

"అలా గట్టిగా కాదు అత్తయ్యా, క్లాసులో పాఠం చెప్పినట్టుంది. కొంచెం వణకండి."

మెట్ల మీద నుంచి హంసిక, "డాడ్, దిస్ ఈజ్ సిక్!" అంది. వాళ్ళ నాన్న లోపలికి పొమ్మన్నాడు. పోలేదు. "అమ్మమ్మా, నువ్వు నిజంగా అలా చెప్తావ్? నేను హోంవర్క్ కాపీ చేస్తే నువ్వు నాతో టూ డేస్ మాట్లాడలేదు."

"అది వేరు," అన్నాను.

"హౌ?"



డిసెంబర్ 10

నేనే అని చెబుతాను. నిర్ణయించుకున్నాను. కన్నపిల్ల అడిగింది.

డిసెంబర్ 11, గురువారం

ఉమ ఆ అధికారుల ఆఫీసుకు తీసుకెళ్ళింది. కారులోనే ఉంటానంది. లోపల అదితి నా పక్కన కూర్చుంది. మొన్న ఇంటికి వచ్చిన ఇద్దరిలో పెద్దాయనే అడిగాడు, ఈ కనెక్షన్లు ఎవరు నడిపారని.

నేనే అన్నాను. అదితి నా మోచేయి ముట్టుకుంది. నేను చూడలేదు.

ఆయన వాదించలేదు. లాప్‌టాప్ తెరిచి నా వైపు తిప్పాడు. అది బాక్సులవాళ్ళ పేజీయట. ఒక కొత్త ఇంటికి కనెక్షన్ ఎలా ఇస్తారో చూపించమన్నాడు. అక్షరాలన్నీ ఇంగ్లీషే. అన్నీ చదవగలను. ఏది నొక్కాలో తెలియదు. ఒకటి నొక్కాను. ఏదో గడి తెరుచుకుంది. ఇంకొకటి నొక్కితే అది మూసుకుపోయింది.

"కంగారేం లేదు మేడమ్," అన్నాడాయన.

పరీక్ష హాళ్ళలో, జాకెట్లో చీటీ పెట్టుకున్న పిల్లల పక్కన నిలబడి సరిగ్గా ఈ గొంతుతోనే ఈ మాట అనేదాన్ని. ఆ పిల్లలు నన్నెలా చూసేవాళ్ళో ఇవాళ తెలిసింది.

చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పాను. నడిపింది మా అల్లుడు. పేరు ఇచ్చింది నేను. ఎందుకు ఇస్తున్నానో తెలిసే ఇచ్చాను. డబ్బు ఖాతా సంగతి తెలియదు. ఇందాక చెప్పింది అబద్ధం.

న్యాయం కోసం చెప్పానని రాసుకుంటే ఈ డైరీయే నవ్వుతుంది. ఏమీ తెలియని ముసలిదానిలా ఆయన ముందు కూర్చోలేక చెప్పాను. కొంత అది. కొంత, ఆ బియ్యం కడగడం.

కారెక్కాక ఉమ ఇంజను స్టార్ట్ చేయలేదు.

"ఏం చెప్పావు?"

"జరిగింది చెప్పాను."

స్టీరింగు మీద తల ఆనించింది. "మాకు పిల్ల ఉందమ్మా," అంది.

"నాకూ ఉండేది," అన్నాను.

డిసెంబర్ 15

తేజేశ్వర్‌ని ఆఫీసువాళ్ళు సెలవు మీద పంపారు. కేసు పెట్టేదీ లేనిదీ తర్వాత చెబుతారట. ఇంటికి ఓదార్పు ట్రేలు వస్తున్నాయి: బిర్యానీ, పులిహోర, గులాబ్ జామ్. తెచ్చినవాళ్ళు గుమ్మంలో నన్ను చూసి, "ఉమ ఉందా?" అంటున్నారు.

ఎవరొచ్చినా రాకపోయినా చక్రపాణి నా పక్షాన ఉంటాడనుకున్నాను. శనివారం దోసెల పిండి కూడా రుబ్బాను. రాలేదు. ఇవాళ ఫోన్ చేశాడు.

"ఆంటీ, నాకు న్యాయం జరిగింది, కాదనను. కానీ సొంత అల్లుణ్ణి పట్టివ్వడం... నేనైతే చేయలేనండీ."

"నీ సినిమా పాట ఏ కిటికీలోంచి వినబడిందో నీకు తెలుసు కదా నాయనా?"

"తెలుసండీ. అయినా మనవాడు కదా," అన్నాడు.

కొత్త బాక్సు వచ్చిందని హంసిక చెప్పింది. వెనక వీధిలో ఒక బామ్మగారి పేరు మీద తీసుకున్నారట.

డిసెంబర్ 18

పౌరసత్వం ఇంటర్వ్యూ. ఉమ గది తలుపు తీయలేదు. క్యాబ్‌లో వెళ్ళాను.

రాజ్యాంగం, సెనేటు, నదులు, అన్నీ చెప్పాను. ఆఫీసరమ్మ మెచ్చుకుంది. తర్వాత, అరెస్టు కాకపోయినా మీరెప్పుడైనా నేరం చేశారా అని ప్రమాణం మీద అడిగింది. ఫలానా వ్యవహారంలో తెలిసే నా పేరు ఇచ్చానని, మొన్న దాని గురించి మొదట అబద్ధం చెప్పి తర్వాత దిద్దుకున్నానని చెప్పాను. ఆవిడ చాలాసేపు రాసుకుంది. ఈ రోజు నిర్ణయం చెప్పలేమంది. ఇస్తారో, పొమ్మంటారో, ఎన్నాళ్ళు పడుతుందో అదితికి కూడా తెలియదు.

డిసెంబర్ 20, శనివారం

గ్రూపులో ఇప్పుడు పైరసీ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. చర్చ నా మీదికి మళ్ళింది. ఇవాళ ఎవరో ఓటింగ్ పెట్టారు: "ఇంట్లో మనిషిని ప్రభుత్వానికి పట్టించడం కరెక్టేనా? అవును. కాదు." నా పేరు రాయలేదు. మర్యాదస్తులు. నేనూ ఆ గ్రూపులో ఉన్నానని మర్చిపోయినట్టున్నారు.

ఎవరు ఎటు వేశారో తాకితే కనబడుతుంది. "కాదు" కింద పేర్లు కిందికి జరుపుతూ పోవాల్సి వచ్చింది. నా వడలు తిన్నవాళ్ళు, చప్పట్లు కొట్టినవాళ్ళు, చక్రపాణి. సాయి తేజ కూడా. "అవును" కింద ఎవరూ లేరు.

ఉమ వేయలేదు. ఫోన్లో చూస్తుండగా చూశాను, వేయలేదు. ఎంతైనా కన్నకూతురు. వేయకపోవడం నా వైపు ఉండటమే.

డిసెంబర్ 21, ఆదివారం

పొద్దున ఉమ కాఫీ కప్పు నా గది బయట బల్ల మీద పెట్టి వెళ్ళింది. తాగుతూ ఫోను తెరిచాను.

"కాదు" కింద ఉమ ఫొటో చేరింది. హంసిక పుట్టినరోజున నా పక్కన నిలబడి తీయించుకున్నది. నన్ను కత్తిరించి పెట్టుకుంది. దాని భుజం మీద నా వేళ్ళు మాత్రం మిగిలాయి.

కప్పు కింద పెట్టి "అవును" నొక్కాను. దాని కింద ఒకే ఒక్క పేరు వచ్చింది. ఈసారి నా పేరు ఎవరో పెట్టింది కాదు.